హాలికుని నూతన సారథ్యం

పాఠ్యభాగ ఉద్దేశం

హైడ్రాలిక్ షటిల్ అమర్చిన ట్రాక్టరు పనిచేసే తీరును, దానిని నడపడం నేర్చుకొనేవారు అలవరచుకోవలసిన మెలకువలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణ మహారాజు కొలువులో చేరిన నలుడు, ఒక్క పగటిలో రాజును విదర్భకు చేర్చవలసి వస్తుంది. రథవేగానికి రాజు ఉత్తరీయం జారి నేలపై పడుతుంది. రథాన్ని ఆపమని రాజు అడిగేసరికే అది యోజనం దూరం వెనుకబడిపోయిందని బాహుకుడు బదులిస్తాడు. ఆ నైపుణ్యానికి మూలం అతనికి తెలిసిన అశ్వహృదయమనే విద్య. గుర్రం మనసెరిగినవాడే సారథి అని పూర్వుల భావన.

నేటి హాలికుని రథానికి గుర్రాలు లేవు. నలభై యాభై అశ్వాల సామర్థ్యం గల ఇంజను ఉంది. (అశ్వసామర్థ్యమన్న మాటలో మాత్రం గుర్రం ఇంకా బ్రతికే ఉంది.) ఆ ఇంజనుకూ ఒక హృదయం ఉంది. దానిని ఎరుగని చోదకుడు చక్రం తిప్పగలడేమో గాని, ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక తడబడతాడు.

భారతదేశంలో ట్రాక్టరు శిక్షణకు చెప్పుకోదగిన చరిత్ర ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లోనే శిక్షణ కేంద్రం వెలసింది. దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదు కర్మాగారం నుండి వెలువడింది. దక్షిణాది రైతుల కొరకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983లో ఇటువంటి సంస్థే ఏర్పడింది.

ఇంజను ఎల్లప్పుడూ ఒకే దిశలో తిరుగుతుంది. చక్రాలు మాత్రం అవసరాన్ని బట్టి ముందుకూ వెనుకకూ తిరగాలి. మేడి పట్టిన రైతుకు ఈ చిక్కు లేదు. సాలు చివర ఎడ్లను అదిలించి మళ్లిస్తే చాలు. కాడి కట్టిన ఎడ్లను వెనుకకు నడిపించవలసిన అవసరం అరుదు. ట్రాక్టరుకు అది నిత్యకృత్యం. సాధారణ ట్రాక్టరులో వెనుకకు పోవాలంటే చోదకుడు ఎడమకాలితో క్లచ్ పెడలును పూర్తిగా అదిమి, బండిని నిలిపి, ముందుకు పోయే గేరును తప్పించి, రివర్స్ గేరు వేసి, క్లచ్‌ను మెల్లగా వదలాలి. దుక్కి దున్నేటప్పుడు ఇది భారం కాదు. లోడరుతో ఎరువును ఎత్తి ట్రాలీలో పోసే పనిని ఊహించండి. కుప్ప దగ్గరకు ముందుకు, అక్కడినుండి వెనుకకు, ట్రాలీ వైపు ముందుకు, మరల వెనుకకు - ఒక్కొక్క బకెట్టుకు నాలుగు మార్పులు. ఏభై బకెట్లు పోస్తే ఎడమకాలు రెండువందలసార్లు క్లచ్‌ను తొక్కాలి.

ఈ శ్రమను తొలగించడానికి వచ్చినదే షటిల్. ఈ మాట మగ్గం నుండి వచ్చింది. పడుగు పోగుల నడుమ అటూ ఇటూ పరుగెత్తుతూ పేకను నేసే సాధనాన్ని మన చేనేతవారు నాడె అంటారు. ఆంగ్లంలో దాని పేరే షటిల్. ఒకే దారిలో పోయి వచ్చే ప్రతిదానికీ ఆ పేరు వ్యాపించింది. ట్రాక్టరులో స్టీరింగు చక్రం క్రింద సాధారణంగా ఎడమవైపున ఉండే చిన్న లీవరు ఈ నాడె పని చేస్తుంది. ముందుకు నెడితే బండి ముందుకు, వెనుకకు లాగితే వెనుకకు పోతుంది. నడుమ ఉంచితే తటస్థం. కొన్ని ట్రాక్టర్లలో ఇటువంటి లీవరు ఉన్నా, దిశ మార్చినప్పుడల్లా క్లచ్ తొక్కక తప్పదు. హైడ్రాలిక్ షటిల్‌లో ఆ అవసరం లేదు. పేర్లు ఒకటిగా వినిపించినా ఈ భేదాన్ని కొనేవారూ నేర్చుకొనేవారూ ముందుగా తెలుసుకోవాలి.

దీని లోపలి ఏర్పాటు ఇట్లా ఉంటుంది. గేరుపెట్టెలో ముందు నడకకు ఒకటి, వెనుక నడకకు ఒకటి చొప్పున రెండు పలకల కట్టలు నూనెలో మునిగి ఉంటాయి. ఇంజను నడిపే పంపు నూనెకు ఒత్తిడిని కల్పిస్తుంది. లీవరును కదపగానే ఒక కవాటం తెరుచుకొని, ఆ ఒత్తిడి ఒక కట్టలోని పలకలను దగ్గరకు అదుముతుంది; రెండవ కట్ట వదులవుతుంది. ఒత్తిడి క్రమంగా పెరిగేటట్లు కవాటం చూస్తుంది గనుక కుదుపు తక్కువ. రాపిడి వలన పుట్టిన వేడిని నూనె తీసుకొనిపోవడం వలన పలకలు త్వరగా అరగవు. ఇంత సుఖానికి వెల కూడా ఉంది. బండి ధర పెరుగుతుంది. తయారీదారు చెప్పిన రకం నూనెనే పోయాలి, వడపోత సాధనాన్ని గడువు ప్రకారం మార్చాలి. చెడితే విడదీయడం ఊరి మెకానిక్కుకు సాధ్యం కాకపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు దుక్కి దున్నించి ట్రాక్టరును పాకలో పెట్టే చిన్న రైతుకు ఇది అనవసరపు ఖర్చే. లోడరు పనులు, ఇరుకు మళ్లలో దమ్ము, రోజంతా బాడుగ తిప్పడం ఉన్నవానికి మాత్రం ఉపకరిస్తుంది.

శిక్షణ చదునైన ఖాళీ నేలపై, వెనుక ఏ పనిముట్టూ తగిలించకుండా మొదలుకావాలి. లీవరు తటస్థంగా ఉండి, చేతిబ్రేకు వేసి ఉండగా ఇంజనును నడిపించాలి. తక్కువ గేరు, తక్కువ వేగం ఎంచుకొని, బ్రేకు వదలి, లీవరును కొద్దిగా పైకి లేపి ముందుకు నెట్టాలి. పొరపాటున చేయి తగిలి బండి కదలకుండా ఉండడానికే చాలా ట్రాక్టర్లలో ఆ పైకి లేపే ఏర్పాటు ఉంటుంది. దిశ మార్చేముందు వేగాన్ని బాగా తగ్గించుకోవాలి. క్లచ్ పెడలు ఈ బండిలోనూ ఉంటుంది. గేరు మార్చడానికి, పనిముట్టును తగిలించేటప్పుడు అంగుళం అంగుళంగా జరగడానికి అది కావాలి.

వింత ఏమంటే, కొత్తగా నేర్చుకొనే యువకుని కంటే ఇరవై ఏళ్లు పాత బండి నడిపిన అనుభవశాలికే ఇది అలవడడం కష్టం. అతని ఎడమకాలు అడగకుండానే క్లచ్ మీదికి పోతుంది. ఆ అలవాటు వలన నష్టం లేదు. మరొక అలవాటు ప్రమాదకరమైనది. పాత ట్రాక్టరును గట్టు మీదనో, చెరువుకట్ట వాలులోనో నిలిపి, గేరులో వదలి ఇంజను ఆపి దిగిపోవడం చాలామందికి వాడుక. అక్కడ గేరు పళ్లు చక్రాలను ఇంజనుతో బంధించి, బండిని పట్టి ఉంచుతాయి. హైడ్రాలిక్ షటిల్‌లో ఇంజను ఆగితే పంపు ఆగుతుంది; పంపు ఆగితే నూనె ఒత్తిడి పడిపోతుంది; పలకలు విడిపోతాయి. లీవరు ముందుకే ఉన్నా, గేరు పడే ఉన్నా చక్రాలకు పట్టు ఉండదు. దిగి నాలుగడుగులు వేసేలోగా బండి వాలు వెంట కదలిపోవచ్చు; దాని ముందు ఎవరున్నారో అది చూడదు. కనుక చేతిబ్రేకును గట్టిగా లాగి, పార్కింగు తాళం ఉంటే దానిని వేసి, పనిముట్టును నేలకు దించి, తాళంచెవి తీసుకొని దిగాలి. వాలు ఉంటే చక్రాల క్రింద రాళ్లు పెట్టాలి. ఇంతకాలం తనను కాపాడిన అనుభవమే ఇక్కడ రైతును మోసగిస్తుంది.

బ్యాటరీ దిగిపోయిన ట్రాక్టరును నలుగురు కలిసి నెట్టి, లేదా మరొక బండితో లాగి నడిపించడం పల్లెల్లో మామూలు. ఇందులో అదీ కుదరదు. పంపు తిరగనిదే పలకలు కలవవు. పలకలు కలవనిదే చక్రాల తిరుగుడు ఇంజనుకు చేరదు.

దిశ మార్చడం సులభమైన కొలదీ మరొక చిక్కు పుట్టింది. పాత బండిని నిలిపి గేరు మార్చే వ్యవధిలో చోదకుడు తల తిప్పి వెనుకకు చూసేవాడు. ఇప్పుడు వేలి కదలికతో బండి వెనుకకు నడుస్తుంది. చూసే వ్యవధి మాయమైంది. వెనుక పశువు ఉండవచ్చు, అన్నం క్యారేజీ తెచ్చిన బిడ్డ నిలబడి ఉండవచ్చు. ముందు తల తిప్పి, తరువాత చేయి కదపడం మొదటిరోజు నుండే అలవాటు కావాలి.

దమ్ము చేసే మడిలో ట్రాక్టరు దిగబడితే షటిల్ నిజమైన ఆప్తబంధువు. దిగబడిన చక్రాలకు అడ్డంగా దుంగలు కట్టి ముందుకు పోనివ్వడం అత్యంత ప్రమాదకరం. చక్రం తిరగలేకపోతే ఇంజను బలం ఇరుసు చుట్టూ బండి శరీరాన్నే తిప్పుతుంది. ముందుభాగం లేచి రెప్పపాటులో చోదకుని మీద పడుతుంది. దిగబడిన జాడలోనే మెల్లగా వెనుకకు రావడం మేలు. అదీ కుదరకపోతే మరొక బండి సాయం కోరాలి. చోదకుని రక్షణకు ఉక్కు చట్రం ఉన్న ట్రాక్టరులో సీటు బెల్టు తప్పక కట్టుకోవాలి.

నిమిషానికి 540 చుట్లు తిరిగే వెనుక షాఫ్టు సంగతి కూడా చెప్పుకోవాలి. అంటే క్షణానికి తొమ్మిది చుట్లు. పంచెకొంగు, చున్నీ, చీరచెంగు ఏది చిక్కినా చేయి అడ్డుపెట్టే వ్యవధి ఉండదు. షటిల్ తటస్థంలో ఉన్నా ఈ షాఫ్టు తిరుగుతూనే ఉండవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండి, లైసెన్సు పొందినవారే ట్రాక్టరును రహదారిపైకి తేవాలని చట్టం. అక్కడ ఎడమ, కుడి బ్రేకు పెడళ్లను జోడించి ఉంచాలి. వేగంలో ఒకదానినే తొక్కితే బండి ఒకవైపునకు తిరిగిపోతుంది.

శిక్షణలో చివరి పరీక్ష సాధారణంగా రెండుచక్రాల ట్రాలీని వెనుకకు నడిపి రెండు గుంజల నడుమ నిలపడం. ట్రాలీ వెనుకభాగం కుడికి పోవాలంటే స్టీరింగును మొదట ఎడమకు తిప్పాలి. అది మళ్లడం మొదలుకాగానే కుడికి తిప్పి దాని వెంట పోవాలి. తొలినాళ్లలో ట్రాలీ మడతపడి అడ్డం తిరుగుతుంది. అప్పుడు లీవరును ముందుకు నెట్టి, బండిని పది అడుగులు సాగించి తిన్నగా చేసుకొని, వెనుకకు చూసి, మరల ప్రయత్నించాలి.

అభ్యాసం

1. ‘షటిల్’ అనే మాటకు, చేనేత మగ్గానికి గల సంబంధాన్ని వివరించండి.
2. హైడ్రాలిక్ షటిల్ ట్రాక్టరును గేరులో వదలి దిగిపోవడం ఎందుకు ప్రమాదకరం?
3. నలుని అశ్వహృదయ ప్రస్తావన ఈ పాఠానికి ఎంతవరకు తగినది? మీ అభిప్రాయం వ్రాయండి.
4. మీ ప్రాంతంలో సేద్యపు పనిముట్ల భాగాలకు వాడే పేర్లను పెద్దలనడిగి సేకరించండి.