గీత దాటిన పరుగు

క్రికెట్టాట యనగానే మనకు బ్యాటును బంతియును మాత్రమే స్ఫురించును. వికెట్ల నడుమ పరుగిడుటయు, బంతిని పట్టి విసరుటయు అభ్యాసము లేనిదే అబ్బని విద్యలు. ఒక్క పరుగే కదా యని యుపేక్షించువారు ఈ యుదంతమును గమనింపవలెను.

2018వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన మన విశాఖపట్టణమున, మధురవాడ మైదానమునందు, భారతదేశమునకును వెస్టిండీసునకును ఏకదిన పోటీ జరిగెను. ఇరుపక్షములవారును సరిగా 321 పరుగులే చేయుటచే జయాపజయములు తేలలేదు. నాడు విరాట్ కోహ్లీ 157 పరుగులు చేసి అజేయుడై నిలిచెను. అంతటివాడును ఒకమారు రెండవ పరుగునకై మరలునపుడు బ్యాటును గీత లోపల ఆనింపలేదు. అంపైరు ఆ పరుగును లెక్కింపలేదు. సమముగా ముగిసిన ఆటలో ఆ యొక్క పరుగు విలువ యెంతయో మీరే యూహింపుడు.

వికెట్ల నడిమి దూరము 22 గజములు. ప్రతి వికెట్టునకును 4 అడుగుల ముందు క్రీజు గీత యుండును గనుక, పరుగిడవలసినది 58 అడుగులే. మన కూర్మన్నపాలెమున ఏ ఖాళీస్థలమునందైనను సున్నముతో ఇట్టి గీతలు రెండు గీసి, ఇద్దఱిద్దఱుగా మూడేసి పరుగులు తీయుడు. గీతను సమీపించునపుడు మోకాళ్లు వంచి, చేయి చాచి, బ్యాటు కొనను నేలపై జార్చుచు గీత దాటింపుడు. మరలునపుడు బంతి యున్న దిక్కునకే ముఖము త్రిప్పుడు. గీతయొద్ద మఱియొకరు నిలిచి, బ్యాటును మాత్రమే కనిపెట్టి, గీత దాటని పరుగును కొట్టివేయవలెను. బంతి ముందునకు పోయినచో కొట్టినవారును, వెనుకకు పోయినచో ఎదుటివారును 'యెస్', 'నో', 'వెయిట్' అను మాటలలో నొకదానిని బిగ్గరగా పలుకవలెను. సందేహించుచు నడుమ నిలిచినవాడు ఔటగును.

ఇక ఫీల్డింగు. ఒక్క స్టంపును పాతి, 20 గజముల దూరమున వరుసగా నిలువుడు. దొర్లివచ్చు బంతికి ఎదురేగి, దేహమును దాని మార్గమున నిలిపి, చేత చిక్కువఱకు చూపు మరల్చక పట్టి, వెంటనే స్టంపునకు విసరుడు. ఆవలి ప్రక్క ఒకరు కాచియుండవలెను; లేనిచో తప్పిన విసరు ఎదుటిపక్షమునకు పరుగులిచ్చును.

తెలుగు కుటుంబమున జన్మించిన సి. కె. నాయుడు నాయకత్వమున, 1932వ సంవత్సరమున లార్డ్సు మైదానమునందు భారతజట్టు తన తొలి టెస్టు నాడెను. అందు ఇంగ్లండు 19 పరుగులకే మూడు వికెట్లను కోల్పోయెను. వానిలో వూలీ వికెట్టు లాల్‌సింగు ఫీల్డింగువలన లభించిన రనౌటు.

కావున ఆపిన పరుగు చేసిన పరుగుతో సమానము. బ్యాటు అందఱకును దొరకకపోవచ్చును. పాదములును చేతులును అందఱకును గలవు. ప్రతిదినము సాయంకాలము పావుగంట అభ్యసింపుడు.