ఒత్తులు తెగని పుస్తకం

ఏందమ్మే, కళ్లు లాగుతున్నాయని చదవడమే మానేశావంట? ఉండు, నా సంగతి చెప్తా.

మా చిట్టమూరు నుంచి మంచి పుస్తకం కావాలంటే గూడూరో నెల్లూరో బస్సెక్కాలి. అందుకని నెట్‌లో పీడీఎఫ్‌లు దించుకుంటా. కేసరిగారు 1928లో మద్రాసులో మొదలుపెట్టిన ‘గృహలక్ష్మి’ పత్రిక పాత సంచికలు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత నవలలు... ఒక జన్మకి సరిపడా ఉన్నాయిలే.

మా అబ్బాయి ఇ-రీడర్ కొనిచ్చాడు. ఆశగా ఓ నవల ఎక్కించానా, అక్షరాలు ఆవగింజలు! ఎ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, ఆరంగుళాల తెర వెడల్పు సుమారు 9. పేజీ మొత్తం అందులో ఇరికితే అక్షరం సగానికి సగం కూడా మిగలదు. పీడీఎఫ్ అంటే అచ్చుకు బిగించిన పేజీ మరి, తెర చిన్నదని సర్దుకోదు.

కాలిబర్ అనే ఉచిత ప్రోగ్రాంతో, తెరకు తగ్గట్టు సర్దుకునే ఈపబ్‌గా మార్చి చూశా. తెలుగు పోయి పిచ్చి గీతలొచ్చాయి. పాపం, కాలిబర్‌ని అని లాభం లేదు. మన పుస్తకాలు చాలావాటిని పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కట్టారు. కంటికి ‘క’ కనిపిస్తుంది, లోపల దాగింది ఏదో ఇంగ్లీషు గుర్తు. స్కాన్ పుస్తకాలైతే వట్టి ఫొటోలు, వాటిలో అక్షరమే లేదు.

అందుకే తెలుగు పీడీఎఫ్‌ని అక్షరాలుగా మార్చాలని పట్టుబట్టకు. బొమ్మగానే ఉంచి కత్తిరించుకో. కె2పీడీఎఫ్ఆప్ట్ అని ఇంకో ఉచిత ప్రోగ్రాం ఉంది. అంచుల్లో తెలుపు కోసేస్తుంది, రెండు కాలమ్‌ల పేజీని విడదీస్తుంది, ఒక్కో మాటని బొమ్మ ముక్కలా తీసి తెర వెడల్పుకి పేరుస్తుంది. అది ఏ భాషో దానికి అక్కర్లేదు.

అయితే మన ఒత్తులున్నాయే, వాటితోనే తంటా! స్కాన్‌లో పంక్తి కాస్త వంగిందేమో, ‘అమ్మ’లో మకారం ఒక పేజీ అడుగున, దాని ఒత్తు తర్వాతి పేజీ నెత్తిన పడింది. నవ్వాలో ఏడవాలో తెలీలా. అలాంటప్పుడు మాటలు విడదీసే పని ఆపేసి, అంచులు మాత్రం కోసి, రీడర్‌ని అడ్డంగా తిప్పుకో. అంచులు పోగా మిగిలిన 16 సెంటీమీటర్ల పంక్తికి 12 సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది, అంటే అక్షరం ముప్పాతిక వంతు. నవలకి నాకైతే ఇదే హాయి. కరెంటు పోయినా దోమతెరలో పడుకుని చదువుకుంటున్నా.

ఒక్కటి మాత్రం విను. ముందు పది పేజీలే మార్చి చూసుకో. మూడొందల పేజీలూ మార్చేశాక ఒత్తులు తెగాయని తల పట్టుకుంది మీ అక్కే.