బరువు దింపిన లేవీయుడు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 4 అధ్యాయము, 7:6-9, 8:23-26, లూకా 12:16-21, 14:28-30.



గడువుకు ముందుగా ఉద్యోగము విడిచి ఇంటనుండుట విశ్వాసికి తగునా యని మమ్మును అడుగువారున్నారు. వారిలో బడిపంతుళ్లు, నర్సులు, ఇరువది ముప్పది యేండ్లు కచేరీలలో పనిచేసినవారు కలరు. అది సోమరితనమని కొందరందురు. అది దేవుడిచ్చిన విశ్రాంతి యని తలంచి మరికొందరు తొందరపడి కాగితము వ్రాసి యిచ్చెదరు. వాక్యము ఈ రెండు తలంపులను ఒప్పుకొనదు. ఈ నెల లేవీయుల సేవను చూచి యీ సంగతిని నేర్చుకొందము.

1. పనికి మేర నియమించినవాడు దేవుడే

లేవీయుడు 25వ యేట గుడారపు సేవలో ప్రవేశించి 50వ యేట ఆ పని మానవలెనని 8వ అధ్యాయములో చదువుచున్నాము. 4వ అధ్యాయములో 30 మొదలు 50 యేండ్ల వయస్సు గలవారిని లెక్కింపగా 8,580 మంది యైరి. వారు చేసినది తేలిక పని కాదు. గుడారమునకు 48 పలకలుండెను. ఒక్కొక్క పలక పొడవు పది మూరలు. వెండి దిమ్మలు నూరు. ఒక్కొక్క దిమ్మ ఒక తలాంతు, అనగా మన లెక్కకు 30 కిలోలకు తక్కువ కాదు. మెరారీయులకు నాలుగు బండ్లును ఎనిమిది ఎద్దులును, గెర్షోనీయులకు రెండు బండ్లును నాలుగు ఎద్దులును ఇయ్యబడెను. కహాతీయులకు బండి లేదు. వారు పరిశుద్ధమైన వాటిని భుజముల మీదనే మోయవలెను. వడ్ల బస్తా యెత్తిన మనకు ఆ భుజముల నొప్పి వేరుగ చెప్పనక్కరలేదు.

మోయుమని చెప్పిన దేవుడే యిక దింపుమనియు చెప్పెను. అలసిన దేహమును ఆయన నిందింపలేదు. అయితే 50 అను అంకె మనకు ఆజ్ఞ కాదు. మందసము యెరూషలేములో నిలిచి మోత పని లేకపోయిన తరువాత దావీదు లేవీయులను 20 యేండ్లు మొదలుకొని లెక్కించెనని 1 దినవృత్తాంతములు 23వ అధ్యాయములో నున్నది. పని మారగా లెక్కయు మారెను. మన ప్రభుత్వములును ఈ లెక్కను మార్చుచునే యున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కి పెంచబడెను. తెలంగాణలో 2021లో 58 నుండి 61కి పెంచబడెను. కాబట్టి వయస్సు ఒక్కటే చూచి ఒకనిని నమ్మకస్థుడనియు మరియొకని సోమరి యనియు తీర్పు తీర్చకుందము.

2. మోత మానెను, కావలి మానలేదు

8:26ను నిదానించి చదువుడి. ఏబదియేండ్లు దాటినవాడు గుడారమును విడిచిపోలేదు. బరువు పని చేయక, తన సహోదరులతో కూడ కావలి కాచెను. పరిశుద్ధ వస్తువులను ముట్టినవాడు చచ్చునని 4:15 హెచ్చరించుచున్నది. ఏ వస్త్రము ముందు కప్పవలెనో, ఏ మోతకఱ్ఱ ఎక్కడ దూర్చవలెనో తెలియని కుఱ్ఱవాని ప్రక్కన అనుభవముగల ముసలివాడు నిలిచియుండుట ఎంత మేలో ఆలోచింపుడి.

లూకా 12లోని ధనవంతుడును పని మాని సుఖముగా నుండవలెనని నిశ్చయించుకొనెను. విశ్రాంతి కోరుట అతని తప్పు కాదు. అతడు తలంచిన తలంపులో కొట్లున్నవి, ధాన్యమున్నది, తన ప్రాణమున్నది. అందులో పొరుగువాడు లేడు, దేవుడు లేడు. ఉద్యోగము మానదలచినవాడు, మానిన మరుసటి సోమవారము నాడు తాను ఎవరికి ఉపయోగపడునో చెప్పగలుగవలెను. చెప్పలేనియెడల ఇంకను కొంతకాలము ప్రార్థించుట మేలు.

3. గోపురమునకు లెక్క చూచుట

ఒక ఉపాధ్యాయుని తలంచుకొందము. వయస్సు 53, సర్వీసు 28 యేండ్లు. తల్లి పక్షవాతముతో మంచము పట్టినది. భార్య ఒక్కతె ఆమెను లేవనెత్తలేకున్నది. కుమార్తె నర్సింగు చదువుచున్నది. ఇంటి అప్పు ఇంకను తీరలేదు. ఇతడు ఉద్యోగము మానవచ్చునా? తల్లి యొద్ద నుండగోరుట మంచి కోరికయే. కాని గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూడవలెనని ప్రభువు చెప్పెను.

1980 నాటి పెన్షను నియమముల క్రింద నున్నవారు 20 యేండ్ల సర్వీసు నిండినయెడల, మూడు నెలలు ముందుగా తెలియజేసి స్వచ్ఛందముగా విరమింపవచ్చును. సర్వీసు తగ్గినకొలది పెన్షనును తగ్గవచ్చును. అందులో కొంత భాగమును ముందుగా రొక్కముగా తీసికొనిన నెలనెల చేతికి వచ్చునది ఇంకను తగ్గును. 2004 సెప్టెంబరు 1 నుండి ఉమ్మడి రాష్ట్రములో చేరినవారు కంట్రిబ్యూటరీ పద్ధతిలో చేర్చబడిరి గనుక వారి లెక్క వేరు. కచేరీలో అడిగి, వ్రాతపూర్వకముగ అంకెలు తెచ్చుకొని, ఆ కాగితమును భార్య యెదుట పెట్టవలెను. భర్త ఒక్కడే నిశ్చయించి, ఇల్లంతయు మోయవలసిన బరువును ఆమె తలమీద పెట్టుట న్యాయము కాదు.

మరియొక మాట. రొక్కము చేతికి వచ్చిన నెలలోనే బంధువుల అక్కరలు, చీటీ పాటలు, కుమారుని వ్యాపారపు ఆశలు వాకిట నిలుచును. ఆ రొక్కములో ముట్టరాని భాగమెంతో ముందుగానే యేర్పరచుకొనుడి. ఆ ఉపాధ్యాయుని లెక్క సరిపోయిన అతడు మానవచ్చును. తల్లి మంచమే అతని కావలి స్థలమగును. సరిపోనియెడల సెలవు పెట్టుటయో, ఇంటికి దగ్గర బడికి బదిలీ కోరుటయో ముందుగా చూచుకొనవలెను.

4. మానుటకు వీలులేనివారు

దీనిని చదువువారిలో అనేకులు కూలి పనివారు. మీకు నోటీసు లేదు, పెన్షను కాగితము లేదు. నడుము వంగినను నాటుకు పోవలసినదే. ఇది మాకు తెలియును. లేవీయుడు 50వ యేట బరువు దింపగలుగుటకు కారణము, మిగిలిన గోత్రములు తమ పంటలో పదియవ వంతు వారికిచ్చుటయే (సంఖ్యా 18:21). పెన్షను ఉద్యోగి కష్టార్జితమే, భిక్ష కాదు. అయినను ఊరిలో కూర్చుండి తినగలిగినవాడు, కూర్చుండలేని పొరుగువానికి కొంత ఋణపడియున్నాడు. వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు వ్రాసిపెట్టుట, ముసలమ్మను బ్యాంకుకు తోడుకొనిపోవుట, సాయంకాలము పిల్లలకు చదువు చెప్పుట, ఇవన్నియు కావలి పనులే. కుమారులారా, కుమార్తెలారా, తల్లిదండ్రులకు ప్రత్యుపకారము చేయుట నేర్చుకొనవలెనని 1 తిమోతి 5:4 చెప్పుచున్నది. వారి బరువు దింపవలసినవారు మీరే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన యింటిలో ఎవరి బరువు తగ్గింపవలసియున్నది? దానిని ఎవరు పంచుకొందురు?
2. మనము పని మానగోరుట అలసటవలననా, కోపమువలననా, పిలుపువలననా?
3. మన తరువాత ఆ పని చేయువానికి ఏమి నేర్పితిమి?

మోయుటకు బలమిచ్చిన దేవుడు, దింపవలసిన దినమును గుర్తించు జ్ఞానమును, దింపిన తరువాత కావలి కాయు మనస్సును మన కందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.