పసుపు నేర్పిన పేటెంట్ పాఠం

మాది కథలాపూర్. ఇటు కోరుట్ల, అటు మెట్‌పల్లి, ఎటు పోయినా పసుపు చేన్లే. దెబ్బ తగిలితే ఇంత పసుపు అద్దాలని మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. కానీ గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతికి 1995 మార్చిలో అమెరికా ఒక పేటెంట్ ఇచ్చింది. దాన్ని మన సీఎస్‌ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది.

ఎలా రద్దయిందన్నదే అసలు పాఠం. "మా నాయనమ్మకు ఎప్పుడో తెలుసు" అంటే అక్కడ చెల్లదు. వేరే దేశంలో జనం వాడుతున్నారన్న మాటను అప్పటి అమెరికా చట్టం లెక్కలోకి తీసుకోదు, అచ్చులో ఉన్న ఆధారం కావాలి. సీఎస్‌ఐఆర్ సంస్కృత, ఉర్దూ, హిందీ రచనలతో సహా 32 ఆధారాలు ముందుపెట్టింది. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా వాటిలో ఉంది. గెలిపించింది కోపం కాదు, కాగితం.

ఇట్లా ముందే ఉన్న జ్ఞానాన్ని 'ప్రయర్ ఆర్ట్' అంటారు. దాన్ని వెతికి, కొత్తది ఎక్కడ మొదలైందో గీత గీయడమే పేటెంట్ లాయర్ పనిలో సగం. మిగతా సగం 'క్లెయిమ్' రాయడం. సిరిసిల్లలో ఎవరో మరమగ్గానికి, పోగు తెగగానే ఆపేసే కొత్త పరికరం చేశారనుకుందాం. క్లెయిమ్‌లో ఫలానా సెన్సర్ అని ఇరుకుగా రాస్తే, పక్కవాడు సెన్సర్ మార్చి తప్పించుకుంటాడు. 'మగ్గాన్ని ఆపే ఏ పరికరమైనా' అని వెడల్పుగా రాస్తే, పాత యంత్రాలే అడ్డం వస్తాయి. మధ్యలో సరైన మాట దొరకాలంటే ముందు ఆ యంత్రం అర్థం కావాలి. ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఇక్కడే పని.

దారి రెండు మెట్లుగా ఉంటుంది. పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం సైన్స్ లేదా ఇంజనీరింగ్ డిగ్రీ, 21 ఏళ్ల వయసు, భారత పౌరసత్వం ఉన్నవాళ్లు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయొచ్చు. పాసై పేరు నమోదు చేసుకుంటే దరఖాస్తులు తయారు చేసి, పేటెంట్ ఆఫీసులో వాదించొచ్చు. దీనికి లా డిగ్రీ అక్కర్లేదు. కోర్టుకెక్కాలంటే మాత్రం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, బార్ కౌన్సిల్ నమోదు కావాలి. మన దగ్గర లాసెట్ రాసి చేరొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో అయితే మేధో సంపత్తి హక్కుల కోసమే పెట్టిన లా స్కూల్ ఉంది.

లాయర్ కాకపోయినా మనందరికీ పనికొచ్చే ముక్క ఒకటుంది. ఫైనలియర్ ప్రాజెక్టు బాగా వచ్చిందని వెంటనే యూట్యూబ్‌లో పెడతాం. దరఖాస్తు కంటే ముందు పెట్టిన మన వీడియోనే రేపు మనకు ప్రయర్ ఆర్ట్ అయి కూర్చుంటుంది! చట్టంలో మినహాయింపులు బహు కొద్ది. అందుకే ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేయాలి. పూర్తి వివరణ ఇవ్వడానికి అక్కడి నుంచి 12 నెలల గడువు ఉంటుంది. సీఎస్‌ఈ మిత్రులకు ఇంకోమాట: మన దేశంలో ఉత్త ప్రోగ్రామ్‌కు, అల్గారిథమ్‌కు పేటెంట్ రాదు. దాంతో సాధించిన సాంకేతిక ఫలితం చూపించాలి.

ఈ సెమిస్టర్ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, మీ ఆలోచనను ఒక్క వాక్యంలో రాసి, అందులో కొత్త మాట ఏదో దాని కింద గీత గీయండి. గీత గీయడానికి మాట దొరక్కపోతే, ఇంకా వెతకాల్సింది ఉన్నట్టే.