విమానంలో పక్కవారు దగ్గితే...

"అమెరికాలో ఉన్న మా అబ్బాయి నాన్నగారిని చూడటానికి వస్తున్నాడండి. ఇరవై గంటలకు పైగా వందలాది మందితో కలిసి విమానంలో కూర్చుని వస్తాడు. దారిలో ఏదైనా జబ్బు తగిలించుకుని వస్తే ఈయనకు ప్రమాదం కాదా?"

"అమ్మను కీమోథెరపీ కోసం విశాఖపట్నం నుండి ముంబయి తీసుకువెళ్ళాలి. విమానంలో తలుపులన్నీ మూసేస్తారు గదా, అందరూ వదిలిన గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చాలంటారు, నిజమేనా?"

రోగుల కుటుంబసభ్యులు ఈ రెండు ప్రశ్నలూ తరచుగా అడుగుతుంటారు. కోవిడ్ రోజుల తరువాత ఈ భయం మరీ ఎక్కువైంది. ఇందులో కొంత నిజం ఉంది, కొంత అపోహ ఉంది. భయపడవలసిన చోట భయపడక, అక్కరలేని చోట భయపడటం వలన రోగికి మేలు జరగదు. అందుచేత ఈ విషయాన్ని కొంచెం వివరంగా తెలుసుకుందాం.

అందరూ వదిలిన గాలేనా?

విమానంలో మనం పీల్చే గాలిలో సుమారు సగం బయటి నుండి వచ్చే తాజా గాలి. మిగిలిన సగం లోపలి గాలినే వడపోసి మళ్ళీ పంపుతారు. ఈ వడపోతకు పెద్ద విమానాలలో 'హెపా' అనే ఫిల్టర్లు వాడతారు. చాలా ఆసుపత్రులలో ఆపరేషన్ థియేటర్లకు వాడేవి కూడా ఈ తరహా ఫిల్టర్లే. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. 0.3 మైక్రాన్ల పరిమాణం గల కణాలను కూడా ఇవి నూటికి 99.97 వంతులు పట్టుకుంటాయి. క్రిములను మోసే తుంపరలు వీటిని దాటి రావడం చాలా కష్టం.

అంతేకాదు, విమానంలోని గాలి గంటకు 20 నుండి 30 సార్లు పూర్తిగా మారుతుంది. కిటికీలు మూసి ఏ.సి. వేసుకున్న మన ఇంటి గదిలో గాలి ఇందులో పదో వంతు కూడా మారదు. పైగా విమానంలో గాలి పైకప్పు దగ్గర నుండి వచ్చి, మీ కాళ్ళ దగ్గర పక్క గోడల కింద నుండి బయటకు పోతుంది. ముందు సీట్ల నుండి వెనుక సీట్ల దాకా సొరంగంలో వీచినట్లు వీచదు. కాబట్టి ఎక్కడో ముప్ఫయ్యో వరుసలో ఒకరు తుమ్మితే అయిదో వరుసలో ఉన్న మీకు జబ్బు వస్తుందేమోనని భయపడనక్కరలేదు. కొన్ని చిన్న విమానాలలో మాత్రం ఈ ఫిల్టర్లు ఉండవు.

అయితే ఈ మేలంతా గాలి యంత్రాలు పనిచేస్తున్నంతసేపే. 1977లో అలాస్కాలో ఒక విమానం ఇంజను చెడిపోయి గంటల తరబడి నేల మీదే నిలిచిపోయింది. అందులో 54 మంది ఉన్నారు. ఆ సమయంలో చాలాసేపు గాలి సరఫరా ఆగిపోయింది. ప్రయాణికులలో ఒకరికి ఫ్లూ జ్వరం మొదలై ఉంది. మూడు రోజులు గడిచేసరికి ప్రయాణికులలో నూటికి 72 మందికి దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. అక్కడ తప్పు విమానంలో ఎగరడం కాదు, గాలి ఆడని చోట రోగితో కలిసి కూర్చోవడం. నేల మీద ఆలస్యమైనప్పుడు, గాలి సరఫరా లేకుండా ప్రయాణికులను అరగంటకు మించి లోపల ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కనుక విమానం కదలకుండా నిలిచి, లోపల ఉక్కగా అనిపించినప్పుడు మాస్కు తీయకండి. సిబ్బందిని పిలిచి గాలి విషయం అడగండి. అడగటానికి మొహమాటపడనక్కరలేదు.

ఎంత దూరంలో ఉంటే ప్రమాదం?

అసలు ప్రమాదం మీకు దగ్గరగా కూర్చున్నవారి నుండే. ఫిల్టరు ఎంత మంచిదైనా, పక్క సీటులోని వ్యక్తి దగ్గిన తుంపర ఆ ఫిల్టరు దాకా వెళ్ళేలోపే మీ ముఖాన్ని చేరగలదు. అమెరికాలో పరిశోధకులు పది విమాన ప్రయాణాలలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు ఎన్నిసార్లు లేచి నడిచారు అని గమనించి, లెక్కలు కట్టి 2018లో ప్రచురించారు. ఫ్లూ వంటి జబ్బున్న వ్యక్తికి ముందు వెనుక ఒక్కొక్క వరుసలో, అటూ ఇటూ రెండేసి సీట్లలో ఉన్నవారికి అది సోకే అవకాశం నూటికి 80 దాకా ఉంటుందని, మిగిలినవారికి నూటికి 3 కన్నా తక్కువని తేల్చారు. కిటికీ పక్కన కూర్చున్నవారు తక్కువగా లేస్తారు, వారి పక్క నుండి నడిచేవారూ ఉండరు. అందుచేత రోగికి కిటికీ సీటే మేలు. మాటిమాటికీ బాత్రూముకు లేవవలసిన రోగి అయితే మాత్రం ఈ సలహా వదిలేసి దారి పక్క సీటే తీసుకోండి. ఆపుకుని కూర్చోవడం అంతకన్నా చెడు.

ఈ లెక్క అన్ని జబ్బులకూ సరిపోదు. 2003 మార్చి 15న హాంగ్‌కాంగ్ నుండి బీజింగ్ వెళ్ళిన విమానంలో సార్స్ జబ్బుతో ఒక వృద్ధుడు ప్రయాణించాడు. ఆ విమానంలో ఉన్న 120 మందిలో 22 మందికి జబ్బు సోకింది. అతనికి ముందున్న మూడు వరుసలలో వివరాలు దొరికిన 23 మందిలో 8 మంది జబ్బుపడగా, ఇతర సీట్లలోని 88 మందిలో 10 మంది జబ్బుపడ్డారు. అంటే దగ్గరివారికి ప్రమాదం ఎక్కువే గాని, దూరంగా ఉన్నవారూ పూర్తిగా తప్పించుకోలేదు. మరో విమానంలో సార్స్ ఉన్నవారు నలుగురు ప్రయాణించినా, ఇంకొక్కరికే అది సోకింది. అన్ని ప్రయాణాలూ ఒక్కలా ఉండవు.

ఈ బీజింగ్ ప్రయాణికుని గురించి మీకు ప్రత్యేకంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఆయనకు ఆ జబ్బు విమానంలో రాలేదు. హాంగ్‌కాంగ్‌లో ఆసుపత్రిలో ఉన్న తన సోదరుణ్ణి చూడటానికి వెళ్ళినవాడాయన. అంటే మీలాగే ఒక రోగికి బంధువు. ఆ తరువాత ఒంట్లో బాగా లేకపోయినా విమానం ఎక్కాడు. పక్కవారి నుండి మనకేం వస్తుందోనని ఆలోచిస్తాం గాని, ఆసుపత్రి వార్డులో రోజుల తరబడి కూర్చుని వెళ్ళే మన నుండి పక్కవారికి ఏం వెళ్తుందో ఎంతమందిమి ఆలోచిస్తాం?

కోవిడ్ మొదటి రోజులలో, 2020 మార్చిలో లండన్ నుండి హనోయ్ వెళ్ళిన సుమారు పది గంటల ప్రయాణంలో ఒకరి నుండి 15 మందికి సోకిందని పరిశోధకులు తేల్చారు. వారిలో 12 మంది ఆమెతో పాటు బిజినెస్ క్లాసులో కూర్చున్నవారే. అప్పటికి విమానంలో మాస్కు తప్పనిసరి కాలేదు. ఎక్కువ డబ్బు పెట్టి వెడల్పు సీటు కొన్నంత మాత్రాన రక్షణ దొరకదని దీన్ని బట్టి తెలుస్తోంది.

క్షయ, తట్టు

క్షయ గురించి కుటుంబాలు చాలా భయపడతాయి. క్షయ సోకాలంటే సాధారణంగా రోగితో ఎక్కువ సమయం గడపాలి. అందుకే 8 గంటలు, అంతకు మించిన ప్రయాణాలలోనే, అదీ రోగి కూర్చున్న వరుసతో పాటు ముందు రెండు, వెనుక రెండు వరుసలవారిని మాత్రమే వెతికి పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. హైదరాబాదు నుండి దుబాయి వెళ్ళే నాలుగు గంటల ప్రయాణం ఆ లెక్కలోకే రాదు. అయితే మీ ఇంట్లో రోగికే ఊపిరితిత్తుల క్షయ ఉంటే, మందులు మొదలుపెట్టి కనీసం రెండు వారాలు పూర్తయి, డాక్టరుగారు సరేనన్న తరువాతనే విమానం ఎక్కించాలి. మామూలు మందులకు లొంగని క్షయ అయితే ఇంకా ఎక్కువ కాలం ఆగవలసి వస్తుంది.

తట్టు సంగతి వేరు. తట్టు ఉన్న వ్యక్తి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ క్రిమి గాలిలో ఉండగలదు. దీనికి దూరం కన్నా టీకాయే అసలైన రక్షణ. తొమ్మిది నెలలు నిండని పసిపిల్లలను, ఇంకా టీకా వేయించని పిల్లలను తీసుకుని దూరప్రయాణం చేయవలసి వస్తే ముందుగా పిల్లల డాక్టరుని అడగండి.

పక్కవారు దగ్గుతున్నారు, ఇప్పుడేం చేయాలి?

ముందు ఒక మాట. విమానంలో దగ్గే ప్రతివారూ జబ్బుమనుషులు కారు. అక్కడి గాలిలో తేమ నూటికి 20 కన్నా తక్కువ. గొంతు, ముక్కు ఎండిపోయి ఆరోగ్యవంతులకూ దగ్గు వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు సరేసరి. కాబట్టి మొహం చిట్లించడం, పైకి వినపడేలా విసుక్కోవడం మంచిది కాదు. రేపు మీ రోగిని తీసుకువెళ్ళేటప్పుడు అదే చూపు మీ మీద పడవచ్చు. కీమోథెరపీ తీసుకునే రోగి మాస్కు పెట్టుకుంటే, ఏదో అంటువ్యాధి ఉందనుకుని పక్కవారు జరిగి కూర్చోవడం మామూలుగా జరిగేదే. నిజానికి ఆ మాస్కు ఆ రోగిని కాపాడటానికి.

పక్కవారి దగ్గు ఆగకపోతే, ముక్కు కారుతుంటే, జ్వరంతో ఉన్నట్లు కనిపిస్తే, ముందు మీరు మాస్కు పెట్టుకోండి. ముఖానికి బిగువుగా అతికే ఎన్-95 రకం మాస్కు గుడ్డ మాస్కు కన్నా చాలా మెరుగు. తరువాత నెమ్మదిగా, "మీకు ఒంట్లో బాగున్నట్లు లేదు, మా దగ్గర మాస్కు ఉంది, కావాలాండీ?" అని అడగవచ్చు. చాలామంది కాదనరు. ఖాళీ సీటు ఉంటే మార్చమని సిబ్బందిని అడగండి. "మా అమ్మ కీమోథెరపీలో ఉన్నారు" అని ఒక్క మాట చెబితే వారు అర్థం చేసుకుంటారు. తల మీదున్న గాలి మూతిని పూర్తిగా మూసేయకుండా కొద్దిగా తెరిచి ఉంచండి. అందరూ చలి వేస్తోందని దాన్ని మూసేస్తుంటారు.

చేతుల సంగతి కూడా ముఖ్యమే. భోజనం పెట్టుకునే మడత బల్ల, బెల్టు బొత్తం, బాత్రూము గడియ ఎందరో ముట్టుకుంటారు. తినబోయే ముందు, బాత్రూము నుండి వచ్చాక సబ్బుతో కడుక్కోండి. వీలుకానప్పుడు నూటికి 60 వంతులకు పైగా ఆల్కహాలు ఉన్న శానిటైజరు రాసుకోండి. వాంతులు, విరేచనాలు కలిగించే కొన్ని క్రిములకు మాత్రం శానిటైజరు సరిగా పనిచేయదు, వాటికి సబ్బు, నీళ్ళే దారి. చేత్తో ముక్కు, కళ్ళు నలుపుకోకుండా ఉండటం అన్నిటికన్నా కష్టమైన జాగ్రత్త.

విమానంలో ఇంత జాగ్రత్త తీసుకుని, సెక్యూరిటీ వరుసలోను, విమానాశ్రయానికి తీసుకువెళ్ళే బస్సులోను, దిగేటప్పుడు ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడే ఆ పది నిమిషాలలోను మాస్కు జేబులో పెట్టుకునేవారు చాలామంది. గాలి తక్కువ మారేది, మనుషులు దగ్గరగా ఉండేది అక్కడే. రోగితో వెళ్ళేవారు చివరగా దిగడం మంచిది.

రోగి ప్రయాణం చేయవలసి వస్తే

కీమోథెరపీ తరువాత కొన్ని రోజులు తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. ప్రయాణం ఆ రోజులలో పడకుండా తేదీ నిర్ణయించమని డాక్టరుగారిని అడగండి. టికెట్టు కొన్న తరువాత కాదు, కొనకముందే అడగండి. ఫ్లూ టీకా వేయించదలచుకుంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించాలి, టీకా పనిచేయడానికి అంత సమయం పడుతుంది. ఏ టీకా వేయవచ్చో, ఏది వేయకూడదో రోగి స్థితిని బట్టి డాక్టరే చెప్పాలి.

విశాఖపట్నం నుండి ముంబయికి రైలులో ఒక పగలు, ఒక రాత్రికి మించి పడుతుంది. విమానంలో సుమారు రెండు గంటలు. నీరసించిన రోగికి, ఖర్చు భరించగలిగితే, అంటురోగాల దృష్ట్యా కూడా విమానమే నయమని మా అభిప్రాయం. అయితే పై ఎత్తున విమానంలో గాలి ఒత్తిడి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్లుంటుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, రక్తం బాగా తక్కువగా ఉన్నవారికి ఆయాసం రావచ్చు. వీరికి ముందుగా డాక్టరు ధ్రువపత్రం కావాలి. క్యాన్సరు రోగులకు కాళ్ళలో రక్తం గడ్డకట్టే భయం కూడా ఉంది. దూరప్రయాణంలో పాదాలు ఆడిస్తూ ఉండమని, మధ్యమధ్య లేచి నిలబడమని చెప్పండి.

విదేశం నుండి అబ్బాయి వస్తే

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఫ్లూ సోకినవారికి సాధారణంగా 1 నుండి 4 రోజులలో లక్షణాలు కనిపిస్తాయి. కోవిడ్‌కు మరికొన్ని రోజులు పట్టవచ్చు. వచ్చిన రోజున ఆరోగ్యంగా కనిపించినా మూడో రోజు జ్వరం రావచ్చు. అలాగని రెండు వారాల సెలవు పెట్టుకుని వచ్చిన కొడుకును వారం రోజులు వీధి గదిలో కూర్చోబెట్టడం మా ఉద్దేశం కాదు. అతను ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మంచి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తండ్రి దగ్గర కూర్చోవచ్చు. మొదటి అయిదారు రోజులు ఆ గదిలో మాస్కు తీయకూడదు, ఆ గదిలో భోంచేయకూడదు, రాత్రి అక్కడ పడుకోకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి. తెల్ల రక్తకణాలు బాగా తగ్గిన రోగి అయితే వార్డు సిస్టరును అడగకుండా లోపలికి వెళ్ళకూడదు.

గొంతునొప్పి, దగ్గు, జ్వరం, విరేచనాలు వీటిలో ఏది మొదలైనా అతను వార్డుకు రాకూడదు. "ఇంత దూరం వచ్చి చూడకుండా ఎలా?" అని పెద్దవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఫోనులో ముఖం చూపించి మాట్లాడించండి. నాలుగు రోజులు ఆగితే దగ్గర కూర్చునే అవకాశం ఎలాగూ వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ నియమం సడలించాలి. రోగికి ఇక రోజులు, గంటలే మిగిలి ఉన్నాయని డాక్టర్లు చెప్పినప్పుడు, వచ్చినవారికి జలుబు ఉందనే కారణంతో చివరి చూపు కాదనకూడదు. సిస్టరుతో చెప్పండి. మాస్కు, గౌను వేయించి, ఇతర రోగులకు ఇబ్బంది లేని చోట లోపలికి పంపే ఏర్పాటు చేయమని అడగండి.

విమానం దిగిన రెండు మూడు వారాలలో జ్వరం వస్తే డాక్టరుతో ప్రయాణం చేసిన సంగతి, ఏ దేశం నుండి వచ్చారో తప్పక చెప్పండి. అన్ని జ్వరాలూ పక్కసీటు నుండి రావు, మలేరియా, డెంగ్యూ దోమ వల్ల వస్తాయి. బోర్డింగ్ పాస్ అప్పటిదాకా పారేయకండి. అదే విమానంలో అంటురోగి ఉన్నట్లు తరువాత బయటపడితే, మీరు ఎన్ని వరుసల దూరంలో కూర్చున్నారో తేల్చడానికి ఆ సీటు నంబరే ఆధారం.