ముందే చెబితే భయం తగ్గుతుంది

పిండికట్టు కోసే రంపం చప్పుడుకే పిల్లలు హడలిపోతారు. నర్సుగా పనిచేసి, తర్వాత మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొంది, అమెరికాలో నర్సింగు ఆచార్యురాలైన జీన్ జాన్సన్ తోటి పరిశోధకులతో కలిసి దీనిపై అధ్యయనం చేసి 1975లో ప్రచురించారు.

కట్టు తీసేముందు కొందరు పిల్లలకు ఆ చప్పుడును టేపులో వినిపించారు. ఒళ్లు జిల్లుమంటుందనీ, వెచ్చగా ఉంటుందనీ, తెల్లని పొడి రేగుతుందనీ చెప్పారు. ఏమీ చెప్పని పిల్లలకంటే వీరు తక్కువగా బెదిరారు. జరగబోయేది ముందే తెలిస్తే, అది జరిగినప్పుడు కొత్తగా అనిపించదు.

మీ రోగికి సూది, స్కానింగు, ఆపరేషను ఏదైనా ఉంటే “ఏమీ కాదులే” అని ఊరుకోకండి. అప్పుడు ఏమి వినిపిస్తుందో, ఎలా అనిపిస్తుందో నర్సునడిగి తెలుసుకోండి. నొప్పి ఉంటుందంటే దాచకుండా నెమ్మదిగా చెప్పండి.