అరుగు మీద ఆరుగురు

2020 మార్చిలో బడులు మూసేసిన రోజుకి మా ఇంట్లో పిల్లలు ఆరుగురు. మా తోటికోడలి పిల్లలు ముగ్గురు, నా పిల్లలు ఇద్దరు, రెండు రోజులుండి వెళ్దామని తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఇరుక్కుపోయిన మా ఆడపడుచు కొడుకు ఒకడు. అందరికన్నా చిన్నవాడు మావాడు, ఒకటో తరగతి. పెద్దమ్మాయి మా తోటికోడలి కూతురు, తొమ్మిదో తరగతి. ఏలూరులో మాది పాతకాలపు పెంకుటిల్లు. వీధి వైపు పొడుగాటి అరుగు ఉంటుంది.

మొదటి ఆదివారం నేనూ, తోటికోడలూ కూర్చుని మూడు రంగుల స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్ గీశాం. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి తెలుగు, పదకొండింటికి సైన్సు. నాలుగో రోజుకి టైమ్‌టేబుల్ గోడ మీద, పిల్లలు జామచెట్టు మీద. ఒకడికి భాగహారం చెబుతుంటే ఇంకొకడికి దాహం వేసేది. వాడికి నీళ్లిచ్చి వచ్చేసరికి మూడోది నిద్రపోయేది. ఒక్క మనిషి ఆరు తరగతులు నడపడం అయ్యే పని కాదు. బడిని బల్లలతో సహా ఇంట్లోకి ఎత్తుకొచ్చి పెడదామనుకున్నాం. తప్పు అక్కడే జరిగింది.

ఆ మర్నాడు పొద్దున్నే అరుగు ఊడవడానికి వెళ్తే, రెండో తరగతి పిల్ల మావాడిని కూర్చోబెట్టుకుని పలక మీద ‘ఠ’ నేర్పుతోంది. ఆ అక్షరం నేను వాడి చేత పదిసార్లు దిద్దించాను, పదిసార్లూ పాడుచేశాడు. ఆ పిల్ల మాత్రం, ‘‘ముందు సున్న చుట్టు. పొట్టలో చుక్క పెట్టు. ఇప్పుడు నెత్తిన తలకట్టు. అయిపోయింది!’’ అంది. రెండోసారికే వాడికి వచ్చేసింది. ఆ అక్షరం దగ్గర తను తడబడి ఏడాది కూడా కాలేదు. ఎక్కడ కష్టంగా ఉంటుందో ఆ పిల్లకి ఇంకా గుర్తుంది. నేను ఎప్పుడో మర్చిపోయాను.

ఆ రోజే టైమ్‌టేబుల్ చింపేశాం.

మన అరుగుల నుంచే వెళ్లింది

పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పడం మనకి కొత్తేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాధికారి మద్రాసులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకునేవాడు. ఇక్కడి వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటపడింది. ఆ పద్ధతిని ఆశ్రమంలో పెట్టి, వచ్చిన పిల్లాడి చేతే రానివాడికి చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం వేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరుతో ఇంగ్లండ్ బడుల్లోకి పాకింది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ప్రభుత్వానికి నివేదిక రాస్తూ, ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకి నేర్పే ఈ తీరును మెచ్చుకుని, ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబేనన్నాడు. తెలుగుకి వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే.

అప్పట్లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా చదువుల లెక్క తీయించాడు. మద్రాసు నగరంలో బడికి వెళ్లేవాళ్లకి సుమారు అయిదు రెట్ల మంది ఇళ్లలోనే చదువుకుంటున్నారని తేలింది. ఆ అంకె మీద మన్రోకే కాస్త అనుమానం ఉండేదనుకోండి. అయినా ఇంటి చదువు విదేశాల నుంచి వచ్చిన సరదా అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పుస్తకంలో చేపలు చావవు

మా ఆడపడుచు కొడుకు ఏడో తరగతి. శాతాలంటే వాడికి భయం. పుస్తకం తీస్తే చెమటలు పట్టేవి. ఆ శ్రావణంలో మా మావయ్యగారు పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. కైకలూరు అవతల, కొల్లేరు అభయారణ్యం హద్దుకి బయట, రెండెకరాల చేపల చెరువు మాది.

వల విసిరి పది చేపలు పట్టి తూచారు. శీలావతి, బొచ్చె కలిపి ఆరు కిలోలు తూగాయి. ‘‘చెరువులో నాలుగు వేలు వదిలాం. ఒంటి బరువులో రెండు శాతం మేత వెయ్యాలి. ఎంత తవుడు కట్టమంటావురా?’’ అన్నారు మావయ్యగారు. పిల్లాడు గట్టు మీద కూర్చుని పుల్లతో మట్టిలో గీశాడు. చేప సగటు 600 గ్రాములు. మొత్తం 2,400 కిలోలు. అందులో రెండు శాతం అంటే 48 కిలోలు. లేచి నిలబడి గట్టిగా చెప్పాడు.

‘‘మరి చచ్చినవో? కొంగలు ఎత్తుకుపోయినవో?’’ అన్నారు మావయ్యగారు.

వాడు బిత్తరపోయాడు. పుస్తకంలో చేపలు చావవు కదా! నూటికి పది పోయాయనుకుని మళ్లీ వేశాడు. 3,600 చేపలు, 2,160 కిలోలు, మేత 43 కిలోల చిల్లర. తేడా రోజుకి 4.8 కిలోలు. నెలకి 144, అంటే యాభై కిలోల బస్తాలు దాదాపు మూడు. ఆ ఎక్కువైన మేత అడుక్కి చేరి కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుందనీ, తెల్లారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయనీ మావయ్యగారు చెప్పారు. తర్వాత చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి గెడలకి కట్టడం చూపించారు.

ఆ రాత్రి అరుగు మీద మిగిలిన అయిదుగురికీ శాతాలు చెప్పింది వాడే. మూడుచోట్ల ఆగిపోయాడు. ఆగిన ప్రతిచోటా మళ్లీ మొదటికి వెళ్లి ఆలోచించాడు. అదివరకు వాడికి సగమే వచ్చినట్టుంది. మిగతా సగం ఎదుటివాళ్లకి చెబుతుంటే వచ్చింది. దాంతోపాటు ఇంకొకటీ వచ్చింది. మాట తడబడే పిల్లాడు అయిదుగురి ముందు గొంతు విప్పాడు. డబ్బు కట్టి కోర్సుల్లో చేర్పించే ఆత్మవిశ్వాసం మాకు తవుడు బస్తాతో వచ్చింది.

పెద్దపిల్ల మెడకి చుట్టకండి

ఇక్కడ మేం చేసిన ఇంకో తప్పు చెప్పాలి. పిల్లలు పిల్లలకి చెప్పుకుంటున్నారు కదా అని మేమిద్దరం వంటింట్లో నిశ్చింతగా ఉన్నాం. రెండు నెలలు గడిచాక ఓ సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల నా పక్కన కూర్చుని, ‘‘పిన్నీ, మరి నేనెప్పుడు చదువుకోను?’’ అంది. గొంతులో కోపం కూడా లేదు, అలిసిపోయింది.

పిల్లలు ఎక్కువున్న ఇంట్లో పెద్దపిల్ల, అందునా ఆడపిల్ల, జీతం లేని పంతులమ్మ అయిపోతుంది. తరవాత రెండో తల్లి అయిపోతుంది. ఇంటి పేరు చెప్పి బాల్యం తీసేసుకుంటాం. అందుకని ఆ రోజే నియమం పెట్టుకున్నాం. ఎవరైనా రోజుకి అరగంటే చెప్పాలి, అదీ ఒక్క విషయమే. పెద్దపిల్లకి మధ్యాహ్నం రెండు గంటలు మధ్యగది తలుపు వేసి ఇస్తాం. ఆ తలుపు ఎవరూ తట్టకూడదు, అన్నానికి పిలవడానికైనా సరే.

ఇంకోటి, చదువు పైనుంచి కిందికే పారాలని లేదు. భండారు అచ్చమాంబ గారు 1874లో పుట్టారు. బడి మొహం చూడలేదు. ఆవిడకి అక్షరాలు నేర్పింది తనకన్నా మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు. ఆవిడ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. తెలుగులో తొలి కథకుల్లో ఒకరయ్యారు. తమ్ముడు పెద్ద పండితుడై విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. తమ్ముడి దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి అక్క నామోషీ పడలేదు. మన ఇళ్లలో ముందు అలవాటు కావలసింది ఇదే.

ఏడాదంతా అంటే రోజంతా కాదు

ఏడాది పొడవునా చదువనగానే పిల్లల మొహాలు వాడిపోతాయి. మా లెక్క వేరు. రోజుకి గంటన్నర, ఆదివారం సెలవు, అంతే. కొంచెం కొంచెంగా చదివితే ఎండాకాలంలో ఎక్కాలు మర్చిపోయే గొడవ ఉండదు. పైగా మా ప్రాంతంలో అసలు పాఠాలు బడి క్యాలెండరు చూసుకుని రావు.

దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. అప్పుడు కాలువ అడుగు చూడొచ్చు. గోదావరి నీళ్లు విజ్జేశ్వరం దగ్గర బయల్దేరి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తాయి. అటు బెజవాడ నుంచి కృష్ణ కాలువా ఏలూరుకే చేరుతుంది. ‘‘మా ఊరు దాటి వచ్చిన నీళ్లు మీ ఊళ్లో కృష్ణతో కలుస్తాయన్నమాట!’’ అని మా గూడెం పిల్లాడు గర్వపడ్డాడు. జూన్‌లో నీళ్లు వదలగానే సార్వా నారుమళ్లు. వానలు ముదిరితే తమ్మిలేరు, బుడమేరు కొల్లేటికి పరుగెడతాయి. కొల్లేటి నీళ్లు సముద్రానికి పోవడానికి దారి ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు. అది పూడితే లంక గ్రామాల గతేమిటో పిల్లలే చెప్పగలరు. సార్వా కోతలప్పుడు ధాన్యం కొనేచోట తేమ 17 శాతం దాటితే ఏమవుతుందో, బస్తాకి 75 కిలోలు ఎలా తూస్తారో చూపిస్తాం. చలికాలం ఆటపాకలో గూడబాతులు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర.

ఇందులో తేలని పాఠాలూ ఉంటాయి. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అంటే +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని 1999లో అభయారణ్యం చేశారు. 2002లో అది రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ‘‘సరస్సు బతకాలి కదా తాతయ్యా’’ అని పెద్దపిల్ల అంటే, ‘‘గట్లు తెగినవాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారమ్మా’’ అన్నారు మావయ్యగారు. వారం రోజులు వాదన నడిచింది. చేపల మీద బతికే ఇంట్లో సరస్సు తరఫున మాట్లాడటం ఆ పిల్ల నేర్చుకుంది. మనవరాలి మాట కోపం తెచ్చుకోకుండా వినడం ఆయన నేర్చుకున్నారు. ఎవరూ గెలవలేదు.

బడి మాన్పించమని కాదు

ఇది చదివి రేపే టీసీ తెచ్చుకోకండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటోంది. ఇంటి చదువుకి అందులో వేరే దారి రాయలేదు. 14 నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయొచ్చు. బడులు తెరిచాక మా ఆరుగురూ వెళ్లారు. అరుగు మాత్రం మూతపడలేదు.

హైదరాబాదు టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే తల్లిదండ్రుల దగ్గర చదువుకుని ఎనిమిదేళ్లకే పదో తరగతి పూర్తిచేసింది. ఆ మాట వింటే మనకీ ఆత్రం పుడుతుంది. ఆ వేగం అందరు పిల్లలకీ ఉండదు. ఆ తల్లిదండ్రులు కూర్చున్నట్టు పిల్లల పక్కన కూర్చోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

మీ ఇంట్లో ఇద్దరున్నా, ఆరుగురున్నా నేను చెప్పేవి నాలుగే. పిల్లాడికి వచ్చిందో లేదో పరీక్ష పెట్టి చూడకండి, పక్కవాడికి చెప్పమనండి. పొద్దున ఒక పుస్తకం, సాయంత్రం ఒక పని చాలు. చెప్పే వంతు రోజూ మారుతుండాలి. మీరు కూడా వాళ్ల కళ్లెదుట ఏదో ఒకటి నేర్చుకుంటూ కనపడండి.

అందరికన్నా చిన్నవాడి సంగతి

ఒక చిక్కు మిగిలింది. ఓ రోజు మావాడు అరుగు చివర ముడుచుకుని కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, ‘‘అందరికీ చెప్పడానికి ఎవరో ఒకరున్నారు. నాకెవరూ లేరు’’ అన్నాడు. వరసలో చివరివాడు. నిజమే కదా, వాడి కింద ఎవరున్నారు?

మావయ్యగారు విన్నారు. ‘‘ఒరే, మేత బస్తాల మీద ఇంగ్లీషులో ఏదో రాస్తున్నారు. నాకు రాదు. కాస్త నేర్పుతావా?’’ అన్నారు. ఆ రోజు నుంచి ఆర్నెల్లు, సాయంత్రం అయిదింటికి మనవడు పలక పట్టుకుని వెళ్లేవాడు. ‘బి’కీ ‘డి’కీ తేడా మావయ్యగారికి ఓ పట్టాన తెలిసేది కాదు. వాడు విసుక్కోకుండా మళ్లీ రాసి చూపించేవాడు. అలా చూపించీ చూపించీ, ఆ రెండక్షరాలూ తిరగేసి రాసే తన అలవాటే పోగొట్టుకున్నాడు.

మొన్న సంక్రాంతికి పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మావయ్యగారి ఎస్సెల్సీ సర్టిఫికెట్టు దొరికింది. ఇంగ్లీషులో వందకి డెబ్భై ఒకటి. కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చూసి, చుట్టూ ఒకసారి పరికించి, కాగితం మడతపెట్టి నా చేతిలో పెట్టేశారు.

‘‘పెట్టెలో పడేయమ్మా. వాడు చూస్తాడు.’’